పోలిక రాని బొమ్మ

స్కేలమ్మ ఆఫీసుకి రాగానే సంచీ కుర్చీకి తగిలించి, జుట్టు ముడేసుకుని, ఆ ముడిలో చిన్న స్టీలు స్కేలు గుచ్చుకుని, నమూనాల గదిలోకి వెళ్ళి బొమ్మలు ఎక్కడున్నాయో చూసేది. టీ అయినా ఇంకేదైనా ఆ తర్వాతే. ఆ స్కేలు మూలంగానే ఆమెకి ఆ పేరు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన కూడా ఒక్క క్షణం తడుముకునేవాడు.

భవనాలకి ప్లాన్లు గీసే ఆఫీసు అది. గీసిన ప్రతి భవనానికీ అట్టతో, పల్చటి చెక్కతో, గాజులా కనపడే ప్లాస్టిక్ రేకుతో బల్లమీద పట్టేంత నమూనా చేసేవాళ్ళు. అందులో గోరంత మనుషుల బొమ్మలు పెట్టేవాళ్ళు. తెల్లటివి, ముక్కూ మొహం లేనివి. పెట్టినచోట అవి ఉండవు. మనం చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి, టీ తాగొచ్చేసరికి వాటికి నచ్చిన చోట ఉంటాయి. రేపు భవనం కట్టాక జనం ఎక్కడ నిలబడతారో, ఎటు మళ్ళుతారో ఇవి ముందే చేసి చూపించేస్తాయి కాబట్టి ఆ ఆఫీసుకి ఊళ్ళో మంచి పేరుండేది. బొమ్మలు గుమిగూడినచోట బెంచీ గీసేవాళ్ళు. బొమ్మలు మొహం ఆనించిన గోడకి కిటికీ పెట్టేవాళ్ళు. ఒకసారి ఆసుపత్రి నమూనాలో ఒక బొమ్మ పదేపదే మందులిచ్చే కిటికీ పక్కన చతికిలబడుతుంటే, సరేలెమ్మని అక్కడో అరుగు గీశారు. ఆసుపత్రి తెరిచిన కొత్తలోనే ఒక ముసలావిడ వచ్చి అచ్చం అలాగే ఆ అరుగుమీద కూలబడి, "ఎవరు కట్టించారో గానీ చల్లగా ఉండాలి" అంది.

కొన్నాళ్ళు మెలిగాక బొమ్మలకి పోలికలు వస్తాయి. ఒకదానికి పొట్ట, ఒకదానికి గూని, ఒకదానికి సంచీ మోసి మోసి వాలిపోయిన భుజం. ఎవరి పోలికో అప్పటికి తెలియదు, భవనం తెరిచాక తెలుస్తుంది. ఆఫీసులో కట్టుబాటు ఒక్కటే. బొమ్మ కాళ్ళకి జిగురు తగలకూడదు. గోడలకి పెట్టుకో, చెట్లకి పెట్టుకో, కార్లకి పెట్టుకో, బొమ్మల జోలికి మాత్రం పోవద్దు. గేటు దగ్గర కాపలావాడి బొమ్మని కూడా వదిలెయ్యాల్సిందే, ఆయనకీ ఒకటికో రెంటికో వెళ్ళాల్సిన అవసరం పడుతుంది కదా.

ఈ నమూనాలన్నీ చేసేది జిగురు మాస్టారు. వేళ్ళనిండా ఉంగరాలు, మెడలో పట్టు రుమాలు, తనంతటి పనివాడు భూమ్మీద లేడని పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తనే చెప్పుకునేవాడు. జిగురు కూడా బజారుది వాడడు, తనే ఉడికించుకుంటాడు. "పట్టిందంటే పట్టిందే అమ్మాయ్. నేను పోయినా నా జిగురు వదలదు" అనేవాడు. ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు.

స్కేలమ్మ ఆ ఆఫీసులో ఏళ్ళ తరబడి మెట్లూ మరుగుదొడ్లూ గీసింది. పేరు ఆఫీసు పెట్టిన పెద్దాయనది, భవనం ముందువైపు ఆయన ముద్దుబిడ్డలది, వెనకవైపు మెట్లూ పైపులూ స్కేలమ్మవి. మంచి బుర్ర. కానీ ఏం లాభం, మనిషిలో ఆ ఆకర్షణ లేదు. మీటింగులో ఆమె మాట్లాడుతుంటే అవతలివాళ్ళు కాగితాలు సర్దుకునేవాళ్ళు. "పదండి, భోజనానికి వెళ్దాం" అని ఆమె లేస్తే ఒక్కరూ లేచేవాళ్ళు కాదు, కాసేపాగి ఇంకెవరో అదేమాట అంటే అందరూ బిలబిలమంటూ వెళ్ళేవాళ్ళు. ఇది ఆమెకి లోపల గుచ్చుకునేది. పైకి అనేది కాదు.

ఆమె తమ్ముడు దీనికి పూర్తిగా భిన్నం. చెప్పుల కొట్లో సేల్స్‌మన్. చెయ్యి మెడవెనక వేసుకుని, మోచెయ్యి గాల్లోకి లేపి నిలబడి నాలుగు కబుర్లు చెప్తే, చెప్పులు కొనడానికి వచ్చినవాడు చెప్పులతోపాటు బూట్లు కూడా కొనుక్కుని పోయేవాడు. వాడు లేస్తే పక్కనున్నవాళ్ళు లేస్తారు, వాడు నడిస్తే వెనక నలుగురు నడుస్తారు, ఎక్కడికని కూడా అడగరు. అమ్మానాన్నలు పోయాక స్కేలమ్మే వాణ్ణి పెంచింది. పెళ్ళి చేసింది. ఇప్పుడు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. రాత్రి భోజనాలప్పుడు మూడు కంచాలూ పెట్టేదాకా ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు. ఆ ఇంట్లో ఏదైనా ఆచారం ఉందంటే అదే.

అలాంటి రోజుల్లో ఆఫీసుకి ఒక పెద్ద కంపెనీ ఛైర్మన్ వచ్చాడు. ఊరి నడిబొడ్డున పెద్ద ఆఫీసు టవరు కట్టాలట. సన్నగా, గొంతు పైకి లేవకుండా మాట్లాడే మనిషి. మండుటెండలో స్వెట్టరు వేసుకుని వచ్చాడు. పెద్దాయన ఒళ్ళు బాగాలేక ఇంటిపట్టున ఉండటంతో, ముద్దుబిడ్డలు వేరే పనుల్లో మునిగిపోవడంతో, ఆయన ముందు స్కేలమ్మ కూర్చోవాల్సి వచ్చింది.

"నాకు కావలసింది ఒక్కటేనమ్మా" అన్నాడు ఛైర్మన్. "సాయంత్రమైతే మావాళ్ళు సంచీలు సర్దుకుంటున్నారు. నాకది నచ్చట్లేదు. ఇంటికి పోవాలనిపించని ఆఫీసు కట్టిపెట్టండి."

"సాయంత్రమైతే ఎవరికైనా ఇల్లు గుర్తొస్తుంది కదండీ" అంది స్కేలమ్మ.

"అదే, గుర్తు రాకూడదు. అన్నీ లోపలే ఉండాలి. అయినా బయట ఏముంది?"

ఆయన చాలా మామూలుగా అడిగాడు. స్కేలమ్మకి ఆ మాట మింగుడుపడలేదు. కానీ మొట్టమొదటిసారి ఒకాయన ఆమె మొహంలోకి చూస్తూ, ఆమె చెప్పేదాకా ఆగి, ఆమె మాటే వింటున్నాడు. ఇంక కాదంటుందా?

ప్రాణం పెట్టి గీసింది. నిలువునా టవరు, మధ్యలో అడుగునుంచి పైదాకా ఖాళీ బావిలాంటి చోటు, ప్రతి అంతస్తూ ఆ బావివైపే తిరిగి ఉంటుంది. బయటివైపు అంతా పొగరంగు గాజు. దాంట్లోంచి చూస్తే పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా ఉంటుంది. లోపల మంగలి, దర్జీ, డాక్టరు, వంటశాల, కునుకు తీయడానికి చిన్న చిన్న గదులు. పదకొండో అంతస్తు అన్నిటికన్నా పెద్దది, అక్కడే ఎక్కువమంది పనిచేస్తారు. గీస్తున్నంతసేపూ "ఎంత బాగా కుదిరిందో" అని మురిసిపోయేది. రాత్రి ఇంటికెళ్ళాక మాత్రం నిద్దట్లో ఊపిరాడనట్టు లేచి కూర్చునేది.

మాస్టారు నమూనా చేసి, అన్ని అంతస్తుల్లో బొమ్మలు పెట్టాడు. స్కేలమ్మ టీకి వెళ్ళి వచ్చింది. టవర్లో ఒక్క బొమ్మ లేదు. అన్నీ బయట, గరుకుకాగితంతో చేసిన ఫుట్‌పాత్ మీద, భవనానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాయి.

"ఇదేంటి మాస్టారూ?"

"నన్నడుగుతావేం? నేను కట్టాను, నువ్వు గీశావు" అన్నాడు మాస్టారు. "డిజైను నచ్చలేదు వాటికి. మార్చు."

మార్చింది. నడవాలు వెడల్పు చేసింది, బొమ్మలు బయటికే పోయాయి. వంటశాల పెద్దది చేసింది, అయినా బయటికే. చివరికి ఒక అంతస్తుకి బయటివైపు చిన్న బాల్కనీ పెట్టి చూసింది. మాటిమాటికీ వెళ్ళొచ్చి చూస్తే, ఆ అంతస్తు బొమ్మలు బాల్కనీలోకి వచ్చి, కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికెళ్ళి పనిచేసుకుని, సాయంత్రానికి దిగిపోయాయి. స్కేలమ్మ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. గాలి కావాలి వెధవలకి, అంతే! అన్ని అంతస్తులకీ బాల్కనీలు గీసి, తెరుచుకునే కిటికీలు పెట్టి ఛైర్మన్‌కి పంపింది.

ఆయన ఫోన్ చేశాడు. గొంతు అదే, పైకి లేవనిది. "బాల్కనీలు తీసెయ్యండి. కిటికీలు కూడా. రేపు మా వాటాదార్లని తీసుకొస్తున్నాను. నమూనాలో జనం లోపల కనపడాలి. కనపడకపోతే ఇంకో ఆఫీసు చూసుకుంటాను. మీమీద నమ్మకంతో వచ్చానమ్మా."

బాల్కనీలు ఊడబీకింది. కిటికీలు మూసింది. బొమ్మలు మళ్ళీ ఫుట్‌పాత్ మీదికి చేరాయి. ఆమె వాటిని తీసి లోపల పెట్టడం, అటు తిరిగి ఇటు తిరిగేసరికి అవి దిగిపోవడం. ఏడుపొచ్చింది పాపం. అలా పెట్టగా పెట్టగా ఒక సంగతి కనిపెట్టింది. ఎప్పుడు చూసినా ఒకే బొమ్మ ముందు నిలబడుతోంది, మిగతావన్నీ దాని వెనకే. అనుమానం తీర్చుకోవడానికి దాని నెత్తిమీద పెన్సిల్‌తో చుక్క పెట్టింది. నిజమే. చుక్కబొమ్మ పదకొండో అంతస్తు నుంచి బయల్దేరుతుంది, దారిలో ఉన్న ప్రతి అంతస్తూ దాని వెనక ఖాళీ అవుతుంది.

మాస్టారు భోజనానికి వెళ్ళాడు. ఆయన బల్లమీద జిగురు గిన్నె వెచ్చగా ఉంది. స్కేలమ్మ చుక్కబొమ్మని అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంకా పోలిక రాలేదు. నున్నటి తల, నున్నటి మొహం.

'ఎవరి పోలికా లేదు కదా' అనుకుంది. 'ఎవరిదీ కాని బొమ్మ. దీనికి పెడితే ఎవరికి నష్టం?'

స్కేలు కొసతో చుక్క జిగురు తీసి, పదకొండో అంతస్తులో అద్ది, బొమ్మని దానిమీద నిలబెట్టి వేలితో నొక్కింది. తర్వాత వెళ్ళి టీ తాగింది. ఆ టీ రుచి ఆమెకి తెలియలేదు. తిరిగొచ్చేసరికి చుక్కబొమ్మ ఉన్నచోటే ఉంది. మిగతా బొమ్మలు దాని చుట్టూ చేరి నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి పోలేదు.

వాటాదార్లు వచ్చి చూసి ముచ్చటపడ్డారు. "జనం ఎంత కుదురుగా ఉన్నారో చూడండి" అన్నాడు ఒకాయన. పెద్దాయన ఇంటినుంచి ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి స్కేలమ్మని "శభాష్" అన్నాడు. మాస్టారు ఒక్కడే నమూనా దగ్గర వంగి చాలాసేపు చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. కానీ తన నమూనాకి అంత పొగడ్త రావడం ఆయనకీ తియ్యగానే ఉంది. నోరు మూసుకున్నాడు.

టవరు లేచింది. నమూనాని అద్దాల పెట్టెలో బిగించి కింది హాల్లో, లిఫ్టుల ఎదురుగా పెట్టారు. ఛైర్మన్ స్కేలమ్మని పిలిచి, "మా దగ్గరే పనిలో చేరిపోండి, లోపలి గదులు మార్చాల్సినప్పుడల్లా మనిషి కావాలి" అన్నాడు. ఆమె నవ్వి దాటేసింది. ఇప్పుడు ఆఫీసులో ఆమె మాటకి కాగితాలు సర్దుకునేవాళ్ళు తగ్గారు, ఆ సుఖం వదులుకుని ఎక్కడికి పోతుంది?

ఒక సాయంత్రం తమ్ముడు గెంతుకుంటూ ఇంటికొచ్చాడు. "అక్కా, చెప్పుల కొట్టుకి ఓ దండం! ఉద్యోగం వచ్చింది. ఎక్కడో చెప్పుకో."

"ఎక్కడరా?"

"నీ టవర్లోనే! పదకొండో అంతస్తు. నాకింద ఎంతమందో తెలుసా? ఇంటర్వ్యూ చేసినాయన అన్నాడు, మీలాంటివాళ్ళు ఒకరుంటే అంతస్తు మొత్తం నిలబడుతుందని."

మరదలికి అప్పుడు కడుపు. సంబరంగా నవ్వింది. స్కేలమ్మ కూడా నవ్వింది. గ్లాసు అందుకోబోయి నీళ్ళు ఒలకబోసింది. ఎందుకు ఒలికాయో ఆమె తనని తాను అడగలేదు. అడిగితే జవాబు వచ్చేస్తుందని భయం.

మొదట్లో వాడు కాస్త ఆలస్యంగా వచ్చేవాడు. తర్వాత బాగా ఆలస్యంగా. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసి, "ఇదిగో, దిగుతున్నా. కంచం పెట్టండి" అన్నాడు. కంచం పెట్టారు. రాలేదు. మర్నాడు ఫోన్ చేశాడు. "ఇదిగో, దిగుతున్నా. చిన్న పని ఉంది, చూసుకుని బయల్దేరుతున్నా." ఆ రోజూ రాలేదు. అలా రోజూ ఫోన్ వచ్చేది, వాడు వచ్చేవాడు కాదు. అబద్ధం చెప్తున్న గొంతు కూడా కాదు. నిజంగానే సంచీ భుజాన వేసుకుని చెప్తున్నట్టు ఉండేది.

పదకొండో అంతస్తులో ఎవరూ దిగడం లేదు. ఇళ్ళవాళ్ళు ఉతికిన బట్టలు మూటగట్టి తెచ్చి కింది హాల్లో ఇచ్చిపోయేవాళ్ళు, మాసినవి పట్టుకెళ్ళేవాళ్ళు. ఆదివారాలు పిల్లల్ని తీసుకొచ్చి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, "అదుగో, ఆ అద్దం వెనక నాన్న, చెయ్యి ఊపు" అనేవాళ్ళు. పొగరంగు గాజులో ఏమీ కనపడేది కాదు. పిల్లలు అయినా ఊపేవాళ్ళు. కొన్నాళ్ళకి అక్కడ బెలూన్లమ్మేవాడు కూడా చేరాడు.

మరదలికి నొప్పులొచ్చాయి. స్కేలమ్మే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. లోపల్నించి కేకలు వినపడుతుంటే వరండాలో నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, బయల్దేరావా?"

"ఇదిగో అక్కా, లిఫ్టు దగ్గరే ఉన్నా."

"ఎంతసేపటినుంచి ఉన్నావురా లిఫ్టు దగ్గర?"

"తెలియట్లేదక్కా" అన్నాడు చిన్నపిల్లాడిలా. "పోవాలనే ఉంది. కాళ్ళు రావట్లేదు. ఇక్కడ వీళ్ళంతా నా మొహమే చూస్తున్నారు. నేను కదిలితే కదుల్దామని."

ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఫోన్‌లో దాని ఏడుపు విని, ఫోన్‌లోనే ఏడ్చాడు. పిల్లని పొత్తిగుడ్డలో చుట్టి మరదలి పక్కన పడుకోబెట్టాక, మరదలు స్కేలమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినా, ఆ భవనం నువ్వే కట్టావుగా. అసలు దిగే దారి పెట్టావా దానికి?"

స్కేలమ్మ ఆ చెయ్యి విడిపించుకుని లేచింది. నేరుగా టవరుకి వెళ్ళింది. హాల్లో నమూనా ముందు మోకాళ్ళమీద కూర్చుని పదకొండో అంతస్తులోకి చూసింది. ఎవరూ కదలని ఆ గుంపు మధ్య ఒక బొమ్మ, చెయ్యి మెడవెనక వేసుకుని, మోచెయ్యి గాల్లోకి లేపి నిలబడి ఉంది. నెత్తిన పెన్సిల్ చుక్క ఇంకా చెరగలేదు. నోట్లో కొంగు కుక్కుకుంది గానీ ఏడుపు ఆగలేదు. హాల్లో జనం చూసి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు.

"నేనే రా" అంది ఆ బొమ్మతో. "నా చేతులతో నేనే."

జిగురు మాస్టారు ఆమె మొహం చూడగానే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఉంగరాలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ విన్నాడు.

"పీకితే?" అంది.

"కాళ్ళు ఊడి అక్కడే ఉండిపోతాయి. ఆ పని చెయ్యకు."

"కరిగించడానికి ఏమీ లేదా?"

"నా జిగురు కరగదు అమ్మాయ్. దానికి పట్టుకోవడం ఒక్కటే తెలుసు. ఇంకోదాన్ని అందిస్తే, ఉన్నదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకుంటుంది." సొరుగు తీసి, రేకుడబ్బాలోంచి ఒక బొమ్మని తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదిగో తెల్లబొమ్మ. పోలిక రాలేదు. ఎవరిదీ కాదు. తీసుకెళ్ళి మార్చేసెయ్. నేను చూసీ ఊరుకున్నాను కాబట్టి నాకూ పాపం ఉంది, అందుకే ఇస్తున్నా."

ఆమె దాన్ని చేతిగుడ్డలో చుట్టుకుని టవరుకి వెళ్ళింది. దుమ్ము తుడవాలని చెప్పి పెట్టె తాళం అడిగితే, గీసినావిడే కదా అని ఇచ్చేశారు. అద్దం తలుపు తీసింది. చేతిగుడ్డ విప్పింది. పక్క సోఫాలో ఎవరో ఒకావిడ పెద్ద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మాటలు కలిపే మనిషి.

"మావాడు ఇంటర్వ్యూకి పైకెళ్ళాడమ్మా. పొద్దున్నించీ నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఇక్కడ చేరితే ఇంక వాడి జీవితానికి ఢోకా లేదంటున్నారు. నిజమేనా?"

స్కేలమ్మ తెల్లబొమ్మ వంక చూసింది. నున్నటి తల, నున్నటి మొహం. ఆవిడ వంక చూసింది. తెల్లబొమ్మని మళ్ళీ గుడ్డలో చుట్టి, పెట్టెకి తాళం వేసింది.

"మీవాణ్ణి ఇంటికి తీసుకుపొండి" అంది. ఆవిడకి ఏం వినపడిందో ఏమో, నవ్వి ఊరుకుంది. స్కేలమ్మ మాట ఎప్పుడు ఎవరు విన్నారు గనక.

ఆ తెల్లబొమ్మని తెచ్చి తన బల్లమీద, గీతల కాగితాల పక్కన పెట్టుకుంది. పని చేసుకుంటున్నంతసేపూ అది అక్కడే ఉండేది. టీకి వెళ్ళేటప్పుడు కొంగున ముడేసుకుని వెళ్ళేది. ఇంట్లో పసిదాన్ని ఒళ్ళో వేసుకుని జోకొడుతున్నప్పుడు కూడా కొంగులో ఉండేది. కొన్నాళ్ళకి దాని నెత్తిమీద చిన్న బుడిపె తేలింది. ఇంకొన్నాళ్ళకి ఆ బుడిపెలో సన్నటి గీతలాంటిది అడ్డంగా మెరిసింది. జుట్టుముడి, ముడిలో స్కేలు. స్కేలమ్మకి భయమేసింది. భయం వెనకే ఇంకోటి కూడా వచ్చింది, అదేమిటో ఆమెకే సరిగ్గా తెలియదు, ఒకరకం తేలిక. తన పని చుట్టూ తిరిగి తన దగ్గరికే వచ్చింది, ఇంకొకళ్ళ గుమ్మం తొక్కలేదు.

ఒక్కటి మాత్రం బాగా ఆలోచించుకుంది. తమ్ముడు నిలబడితే అందరూ నిలబడ్డారు. తను నిలబడితే? ఎవరు నిలబడతారు? ఇన్నేళ్ళూ ఆమెని కుళ్ళబొడిచిన సంగతే ఇది. మొదటిసారి దాన్ని తలుచుకుని నవ్వొచ్చింది.

ఛైర్మన్‌కి ఫోన్ చేసి, ఉద్యోగంలో చేరతానంది.

"సంతోషం అమ్మా" అన్నాడు ఆయన. "అయినా బయట ఏముంది?"

బయట పసిదానికి అప్పుడే నవ్వడం వస్తోంది. కానీ ఆయనకెందుకు చెప్పడం. చేరే రోజు పొద్దున మరదలితో, "సాయంత్రం మూడు కంచాలు పెట్టమ్మా" అని మాత్రం చెప్పి, పిల్ల అరికాళ్ళు రెండూ ముద్దుపెట్టుకుని బయల్దేరింది.

ఆఫీసులు వదిలే వేళకి హాల్లో అద్దాల పెట్టె తెరిచింది. తన పోలిక వచ్చిన బొమ్మని తమ్ముడి బొమ్మ పక్కనే, ఆ జిగురు చుక్క అంచుమీద నిలబెట్టి వేలితో నొక్కింది. ఇన్నాళ్ళయినా జిగురు ఎండనేలేదు. తడిగా, వెచ్చగా తగిలింది. చిన్న చప్పుడుతో ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంది. ఆమె తలుపు మూసి, తాళం తీసుకెళ్ళి కాపలావాడికి ఇచ్చి వచ్చేలోపు తమ్ముడి బొమ్మ ఫుట్‌పాత్ మీదుంది.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. తమ్ముడు సంచీ భుజాన వేసుకుని దిగాడు. వాడి వెనక ఒక్కొక్కరే, తర్వాత గుంపుగా, పదకొండో అంతస్తు మొత్తం దిగింది. గడ్డాలు పెరిగి, కళ్ళు చికిలించుకుంటూ వాకిట్లో వెలుతురులోకి నడుస్తున్నారు. బయట బెలూన్లవాడు చేతిలో దారాలు వదిలేశాడు.

"అక్కా!" అన్నాడు తమ్ముడు. "నువ్వేంటి ఇక్కడ? పద, పోదాం. పిల్లని చూడాలి నేను. ఎవరి పోలిక?"

"మీ ఆవిడ పోలికేరా, అదృష్టవంతురాలు" అంది స్కేలమ్మ. వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. "నువ్వు పద. పైన చిన్న పని ఉంది. చూసుకుని వస్తా."

"తొందరగా రా. నువ్వొస్తేగానీ తినం."

వాడు వెళ్ళాడు. వాడి వెనక అందరూ వెళ్ళారు. హాలు ఖాళీ అయ్యింది. స్కేలమ్మ వాడి వెంట వాకిలిదాకా వెళ్దామనుకుంది. కాళ్ళు లిఫ్టువైపు తిరిగాయి. లిఫ్టులోకి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె వెనక ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆ టవర్లో సాయంత్రమైతే అందరూ ఇళ్ళకి పోతారు. ఛైర్మన్ కొన్నాళ్ళు చిర్రుబుర్రులాడి ఊరుకున్నాడు. పదకొండో అంతస్తులో ఒక్క దీపం వెలుగుతూ ఉంటుంది. అక్కడ కూర్చుని స్కేలమ్మ బాల్కనీలు గీస్తుంది. గీసినవి కట్టరు, తెలుసు. అయినా గీస్తుంది. తమ్ముడు మూడుసార్లు పైకొచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు. చివరిసారి ఆమె కాళ్ళ వంక చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని, చాలాసేపు ఉండి వెళ్ళాడు. ఉతికిన బట్టలు ఇప్పుడు వాడు తెస్తున్నాడు.

పిల్లకి మాటలొచ్చాయి. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది అదే.

"అత్తా, వస్తున్నావా?"

"ఇదిగో తల్లీ, దిగుతున్నా" అంటుంది స్కేలమ్మ. సంచీ భుజాన వేసుకునే చెప్తుంది.

"అయితే నీ కంచం పెట్టేస్తున్నా" అంటుంది పిల్ల. ఫోన్ పెట్టకుండానే కంచం తెచ్చి నేలమీద పెడుతుంది. ఆ చప్పుడు స్కేలమ్మకి వినపడుతుంది.